టికెట్టు లేని చోట బస్సు

(హుస్నాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల్లో రవాణాను ఎవరు పాలిస్తున్నారన్నది నా పరిశోధన. దానికి హుస్నాబాద్‌లో ఏం పని అని మీరడగొచ్చు. ఇక్కడి ఆడవాళ్ళు కరీంనగర్‌కో సిద్దిపేటకో హైదరాబాద్‌కో పోయి రావలసిందే కదా. 2016లో హుస్నాబాద్‌ను కరీంనగర్ జిల్లా నుంచి తీసి సిద్దిపేటలో కలిపారు. కలెక్టరాఫీసు దారి మారింది. ఆస్పత్రి, కాలేజీ, పుట్టిల్లు జిల్లా హద్దుల్ని బట్టి మారవు.

హైదరాబాద్‌లో నేను మొదలుపెట్టిన ప్రశ్న చిన్నది. ఒక బస్సు వేళ మార్చాలంటే ఎవరిని అడగాలి? బస్సు ఆర్.టి.సి.ది. సిగ్నలు ట్రాఫిక్ పోలీసులది. ఆటో పర్మిట్టు రవాణా శాఖది. 2017లో మొదలైన మెట్రోను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టారు. వీటన్నిటినీ కలపడానికి 2008లోనే ఒక ఉమ్మడి రవాణా సంస్థను ఏర్పాటు చేశారు గానీ డబ్బూ అధికారాలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో సలహా మండళ్ళ ప్రస్తావన ఉంది. అందులో మనం ఉండాలని మనమెప్పుడైనా అడిగామా?

2023లో రవాణా మంత్రి అయిన పొన్నం ప్రభాకర్ ఈ నియోజకవర్గం నుంచే గెలిచారు. మంత్రి మన ఎమ్మెల్యే అయితేనే బస్సు రావాలంటే మిగతా ఊళ్ళ ఆడవాళ్ళేం కావాలి?

2023 డిసెంబరు 9న పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని గొణిగినవాళ్ళున్నారు. మగవాళ్ళు ఊరికే తిరిగితే ఎవరూ లెక్కలు తీయలేదు! ఆటోవాళ్ళ గోడు మాత్రం నేను తోసిపుచ్చను. వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగించేదీ ఆడవాళ్ళే.

కండక్టరు ఇచ్చే జీరో టికెట్టును చాలామంది నలిపి పారేస్తారు. నాకది చాలా విలువైన కాగితం. మీరెక్కడ ఎక్కారో, ఎక్కడికి పోతున్నారో దానివల్ల లెక్కలోకి ఎక్కుతుంది. ఆ టికెట్ల సొమ్మే ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. కానీ కిక్కిరిసిన బస్సు ఆగకుండా పోతే రోడ్డు మీద మిగిలిపోయిన మనిషికి టికెట్టుండదు. బస్సే రాని తండాలో ఎవరికీ ఉండదు. రాత్రి తిరుగు బస్సు లేదని నర్సు ఉద్యోగం మానుకున్న పిల్ల ఏ లెక్కలోనూ లేదు. ఉన్న టికెట్లనే చూసి రూట్లు వేస్తే బస్సున్న చోటికే ఇంకో బస్సు పోతుంది.

అందుకని ఒక పని అడుగుతున్నాను. సంఘానికో నోటుబుక్కు పెట్టండి. ఏ స్టేజీ దగ్గర, ఏ పూట, ఎందరు బస్సు దొరక్క నిలబడ్డారో, ఏ పని మీద బయల్దేరారో ఒక నెల రాయండి. పేర్లు అక్కర్లేదు. డిపో వాళ్ళు నడిపిన ట్రిప్పుల లెక్కను 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. రెండూ పక్కపక్కన పెట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను, బస్సు దొరికితే.