ప్లేట్‌లెట్ల దానము – మన కర్తవ్యము



ప్రతి వార్షిక మహాసభయందును మన యువకులు రక్తదానము గావించుచున్నారు. ఇది మిక్కిలి శ్లాఘనీయము. ఆ రక్తమందలి ఎఱ్ఱకణములు శీతలయంత్రమున ఐదాఱు వారములు నిలువయుండును. ప్లేట్‌లెట్లన్ననో, 20 మొదలు 24 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో మెల్లగా కదలించుచు నుంచినను, సాధారణముగా ఐదు దినములకు మించి పనికిరావు. కావున ఏటికొక్కనాటి యుత్సవముచే ఈ కొఱత తీరదు.

గాయమైనచోట గుమిగూడి రక్తస్రావము నాపునవి ఈ సూక్ష్మకణములే. ఆరోగ్యవంతుని రక్తమున మైక్రోలీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవరకు నుండును. రక్తపు కాన్సరునకు చికిత్స పొందువారిలో ఇవి పదివేలకును దిగజారుట కలదు; అప్పుడు దెబ్బ తగులకయే రక్తము స్రవింపవచ్చును. డెంగూ జ్వరమునందును ఇవి తగ్గును. అయినను తగ్గినవారి కందఱికిని ఎక్కింపనక్కఱలేదు. అది వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము. బంధువులు భయపడి పట్టుపట్టరాదు.

ఇక దాతలు తెలిసికొనవలసినవి. యంత్రము రక్తమును దీసి, ప్లేట్‌లెట్లను వేఱుపఱచి, తక్కినదానిని మఱల శరీరమునకే చేర్చును. ఇందులకు గంట మొదలు రెండు గంటలు పట్టును. దాతకు 18 మొదలు 60 సంవత్సరముల వయస్సును, కనీసము 50 కిలోల బరువును, లక్షన్నరకు తగ్గని ప్లేట్‌లెట్లును ఉండవలయును. ఆస్పిరిన్ పుచ్చుకొన్నవారు మూడు దినములాగవలయును. దానసమయమున పెదవులు చిమచిమలాడినచో వెంటనే చెప్పవలయును; రక్తము గడ్డకట్టకుండ కలుపు మందు కాల్షియమును కొంతసేపు తగ్గించుటయే కారణము, భయములేదు. రెండు దానములకు నడుమ 48 గంటలైన ఎడముండవలయును. వారమునకు రెండు, ఏటికి 24 పర్యాయములు మించరాదు.

మహాజనులారా! సుప్రీముకోర్టువారి 1996 నాటి తీర్పు ననుసరించి మన దేశమున వెలకు రక్తమిచ్చుట నిషిద్ధమైనది. ఎంతటి ధనవంతుడైనను పరుని దయకై చేయిచాపవలసినదే. కావున సంఘ కార్యాలయమున దాతల పట్టీ యొకటి యుంచి, పిలిచిన పూటకు రాగలవారి పేర్లు, రక్తవర్గములు, టెలిఫోను నెంబర్లు వ్రాసియుంచవలెనని నా మనవి. పట్టీలోనివారు మనవారే కావచ్చును. పిలుపు మాత్రము ఏ కులమువారిదైనను మన్నింపవలయును. రక్తనిధివారు వర్గము నడుగుదురు గాని గోత్రము నడుగరు.

ఆ పట్టీలో మొదటి పేరు నాదిగా నేడే వ్రాసికొనవేడుచు సెలవు గైకొనుచున్నాను.