రాతితొట్టి వంతులు



దిలీప మహారాజు నందినీధేనువును 21 దినములు స్వయముగా సేవించెనని రఘువంశము. ఆయన సంతానము కోరి సేవించెను. 22వ నాడు వ్రతము ఫలించెను. మన చెరువుగట్టు నందలి రాతితొట్టిని చైత్రము నుండి తొలకరి వఱకు నింపవలెను, ప్రతిఫలమా, నడుమునొప్పి!

పాడిగేదె యొక్కటే వేసవిలో దినమునకు 60 లీటర్లకు పైగా నీరు త్రాగును. యజమాని గల పశువునకు కుడితియైన దొరకును. ఒట్టిపోగా విడిచిన ఆవునకు, వీథికుక్కకు ఎవరు పోయుదురు? పంచాయతీ చూచుకొనునని మనము, ఊరివారు చూచుకొందురని పంచాయతీ. నడుమ తొట్టి యెండినది.

కావున ఇంటికొకరు వంతు వ్రాయించుకొనుడు. పుస్తకముల చిట్టా ప్రక్కనే వంతుల చిట్టాయు నుంచితిని. లెక్క వ్రాయుట నా వంతు, అది నాకు చేతనైన పని. పదునైదు దినముల కొకసారి తొట్టి కడిగి, లోపల సున్నము కొట్టి, ఆరిన పిదప నింపవలెను. లేనిచో పాచి పట్టును. ఒక మూల రాళ్లు మెట్లుగా పేర్చుడు. నీటబడిన ఉడుత యెక్కి రాగలదు. గాలికుంటు సోకిన పశువును మాత్రము అచ్చటికి తోలకుడు. దాని చొంగ కలిసిన నీటివలన తక్కినవానికి రోగ మంటును. దానికి ఇంటివద్దనే వేరుగా పోయుడు.

రేపటి వంతు ఇంకను ఖాళీగా నున్నది.