చిన్న దేశాలకు కోర్టు ఎందుకు కావాలి?
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. చేతిలో అధికారం లేనివాడికి కోర్టు విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. దేశాల సంగతీ అంతే.

హేగ్ నగరంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉంది. యుద్ధ నేరాలు చేసినవారిని, దేశాధినేతలైనా సరే, విచారించే కోర్టు. 1989లో ఇటువంటిది కావాలని ఐక్యరాజ్యసమితిలో మళ్ళీ కదిలించింది పెద్ద దేశమేదీ కాదు, మాదకద్రవ్యాల ముఠాలతో వేగలేకపోయిన ట్రినిడాడ్ అండ్ టొబాగో. 1998లో రోమ్ నగరంలో 120 దేశాలు ఒప్పుకున్నాయి, 7 కాదన్నాయి. ఎటూ ఓటు వేయని 21 దేశాలలో మనదీ ఒకటి.

2024 నవంబరులో ఆ కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూపై వారెంటు ఇచ్చింది. 2025 ఫిబ్రవరి 6న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కోర్టుపై ఆంక్షల ఉత్తర్వు జారీచేశారు. మర్నాడే 79 దేశాలు కోర్టుకు అండగా ప్రకటన చేశాయి. అందుకు ముందు నడిచిన అయిదు దేశాలలో సియెర్రా లియోన్ ఒకటి. దానికేం పట్టింది అనుకోవచ్చు. అక్కడ 11 ఏళ్ళు అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటుదారులు పల్లెల్లో జనం చేతులు నరికారు. వారికి తోడ్పడిన పొరుగుదేశం లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో ఒక ప్రత్యేక అంతర్జాతీయ న్యాయస్థానం 50 ఏళ్ళ శిక్ష వేసింది. సొంత బలంతో ఆయనను బోనెక్కించడం ఆ పేద దేశం తరమా?

అందరూ నిలబడ్డారని చెప్పను. ఒప్పందం పుట్టిన రోమ్ నగరం ఉన్న ఇటలీయే ఆ 79లో లేదు. రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై వారెంటు ఉన్నా, 2024 సెప్టెంబరులో సభ్యదేశమైన మంగోలియా ఆయనకు స్వాగతం పలికింది. రష్యా పెట్రోలు లేనిదే దానికి గడవదు మరి. నేనైతే గట్టిగా తప్పుపట్టలేను.

గుమాస్తాగా పనిచేసిన నాకు గుచ్చుకున్నది మరొకటి. 2025 జూన్‌లో ఉగాండా, పెరూ, బెనిన్, స్లొవేనియా దేశాలకు చెందిన నలుగురు మహిళా న్యాయమూర్తులపై అమెరికా ఆంక్షలు పెట్టింది. అమెరికాలో ఆస్తులుంటే స్తంభన, అక్కడి కంపెనీలతో లావాదేవీలు బంద్. ఫైలు చూసి సంతకం పెట్టడమే వారు చేసిన నేరం. ఒత్తిడి ఎప్పుడూ సంతకం పెట్టినవారి మెడకే చుట్టుకుంటుంది. మన ఆఫీసుల్లో చూడలేదా?

స్లొవేనియా జనాభా 20 లక్షల పైచిలుకు. తమ న్యాయమూర్తి పేరు ఆ జాబితాలో కనిపించగానే, యూరప్ కంపెనీలు ఇటువంటి విదేశీ ఆంక్షలను పాటించకుండా నిరోధించే చట్టాన్ని ప్రయోగించాలని అది యూరోపియన్ యూనియన్‌ను కోరింది.