రాత్రి కబడ్డీకి ఏ కెమెరా కొనాలి?

 

పోయిన వారం షార్జా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, రాత్రి తొమ్మిదింటికి మావాళ్లు లైట్ల కింద కబడ్డీ ఆడతారు. ఫోన్‌లో తీస్తే మనిషి దయ్యంలా వస్తున్నాడు. రెండు వేల దిర్హాలు దాచుకున్నా. మాల్‌లో కొత్త కెమెరా, రెండు లెన్సులు, బ్యాగు, అన్నీ కలిపి ఆఫర్‌లో ఉన్నాయి. తీసుకోనా?"

వద్దు తమ్ముడూ. ఆ ఆఫర్ నేను ఒకసారి తీసుకున్నా. ఇంటికి పంపాల్సిన డబ్బులో కోత పెట్టి మరీ కొన్నా. పగలు బీచ్‌లో ఫోటోలు అద్దంలా వచ్చాయి. రాత్రి గ్రౌండ్‌కి పోతే ఫోన్ కంటే పెద్దగా ఏం తేడా లేదు. తప్పు కెమెరాది కాదు, లెన్స్‌ది.

ఎందుకో చెప్తా. పరిగెత్తే మనిషి ఆగినట్టు రావాలంటే షటర్ సెకనులో అయిదు వందల వంతు మాత్రమే తెరుచుకోవాలి. అంత తక్కువ టైమ్‌లో లోపలికి వచ్చే వెలుతురు చాలా తక్కువ. ఫోన్ నైట్ మోడ్ నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి, కదిలే మనిషి దాంట్లో చెదిరిపోతాడు. ఇక సెట్‌లో వచ్చే 18-55 లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ఒకే లైటు కింద, ఒకే స్పీడులో, దీనికి ఐఎస్ఓ 3200 సరిపోతే దానికి 30 వేలు దాటాలి. అప్పుడు ఫోటో నిండా ఇసక చల్లినట్టు చుక్కలు.

అందుకే ముందు లెన్స్. 50 ఎంఎం ఎఫ్ 1.8, కెనాన్‌లోనూ నికాన్‌లోనూ చవకైన లెన్సుల్లో ఒకటి. కబడ్డీ కోర్టు మగవాళ్లకి 13 మీటర్లు, 10 మీటర్లు. గీత పక్కన కూర్చుంటే 50 చాలు. వాలీబాల్‌కి 85 ఎంఎం బాగుంటుంది. క్రికెట్టా? బౌండరీ నుంచి బ్యాట్స్‌మన్‌ని రాత్రిపూట తీయాలంటే పెద్ద లెన్స్ కావాలి, దాని ధర మన చేతిలో లేదు. నిజం చెప్తున్నా, ఆశ పెట్టుకోకండి.

బాడీ పాతదే చూడు. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ 2 సెకనుకి పది ఫోటోలు తీస్తుంది. 2016లో వచ్చిన 80డి ఏడు తీస్తుంది. రెండింట్లోనూ యాంటీ ఫ్లికర్ ఉంది. ఇది మనకి ముఖ్యం. ఇక్కడ కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని గ్రౌండ్ లైట్లు సెకనుకి వంద సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి కనిపించదు, ఫోటోలో మాత్రం ఒకటి తెల్లగా, ఇంకొకటి పచ్చగా వస్తుంది. నికాన్ 3000, 5000 సిరీస్ కొంటే బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. పాత 'డి' లెన్స్ తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. 'జి' లెన్స్ అడుగు.

డుబిజిల్‌లో చూసి కొనేటప్పుడు నీ మెమరీ కార్డు తీసుకుపో. పది, ఇరవై ఫోటోలు వరసగా కొట్టు. షటర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు; 7డి మార్క్ 2 షటర్‌ని రెండు లక్షలకి పరీక్షించారు. లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడు, లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉంటే వదిలెయ్. బిల్లు మీద నంబరు, కెమెరా మీద నంబరు ఒకటేనా చూడు. బిల్లు లేదంటే, ఎంత తక్కువకి ఇచ్చినా నేనైతే కొనను.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టంలో 44వ ఆర్టికల్ ఉంది. అనుమతి లేకుండా మనిషి ఫోటో తీసి, నెట్‌లో పెట్టి అతని ప్రైవసీకి భంగం కలిగిస్తే కనీసం ఆరు నెలల జైలు, లేదా లక్షా యాభై వేల నుంచి అయిదు లక్షల దిర్హాల జరిమానా, లేదా రెండూ. ఆడేవాళ్లందర్నీ ముందే అడుగు. పక్కన నిలబడ్డ కుటుంబాల వైపు కెమెరా తిప్పకు. క్యాంపులో అయితే క్యాంప్ బాస్‌కి చెప్పి మొదలుపెట్టు. "ఫోటోకి పది దిర్హాలు" అని వసూలు చేశావా, అది పర్మిట్ లేని పని అవుతుంది. వీసాకే ఎసరు.

ఆఖరుగా ఆగస్టు సంగతి. ఏసీ రూమ్ నుంచి కెమెరా బయటికి తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. చొక్కాతో తుడవకు. బ్యాగులోనే ఉంచి, అరగంట ముందే బయటికి తీసుకెళ్లు. ఆలోపు టాస్ కూడా అయిపోతుంది.

తమ్ముడూ, కొన్నాక మొదటి రెయిడ్ ఫోటో నాకు పంపు. మసకగా వచ్చినా సరే.