ఇంటి భాషలో పాడిన బ్లూస్

 జై ఆదివాసీ.

మన సంఘం సభలో అమెరికా నల్లజాతి వారి పాట గురించి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. హాస్టల్ వార్డెన్లుగా మేము ఏటా వార్షికోత్సవం ముందు ఒక మాట వింటూ ఉంటాం. "మీ ఊళ్ళో పాడే పాట ఒకటి పాడండమ్మా" అంటే, "మా భాష పాటా మేడమ్? అందరూ నవ్వుతారు" అంటారు పిల్లలు. సినిమా పాట అనగానే పది చేతులు లేస్తాయి. ఇలాంటి సిగ్గునే దాటి వచ్చిన పాట బ్లూస్. అందుకే దాని కథ చెబుతున్నాం.

బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో. మిసిసిపీ డెల్టా పత్తి పొలాలు దానికి పెద్ద పుట్టిల్లు. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. అయినా చాలా నల్లజాతి కుటుంబాలు భూస్వాముల పొలాల్లోనే పంటలో వాటాకు పనిచేశాయి. విత్తనాలు, తిండి సామాన్లు అప్పుగా తెచ్చుకోవడం, ఏడాది చివర లెక్క చూస్తే మళ్ళీ అప్పే మిగలడం. ఈ సంగతి మన తాతలకు ఎవరూ వివరించనక్కర్లేదు. పొలంలో పాడుకున్న పనిపాటలు, దూరం నుంచి పిలుచుకునే కేకలు, చర్చి పాటలు అన్నీ కలిసి బ్లూస్ అయ్యాయి. ఇంగ్లీషులో నీలం రంగు పేరుకు దిగులు అనే అర్థం కూడా ఉంది. కానీ బ్లూస్‌లో ఏడుపు ఒక్కటే ఉండదు. వెటకారం ఉంటుంది, సరసం ఉంటుంది, పైవాళ్ళను చాటుగా ఎత్తిపొడవడం ఉంటుంది.

దాని కట్టు సులువు. మొదటి పంక్తి పాడతారు, దాన్నే మళ్ళీ పాడతారు, మూడో పంక్తిలో జవాబు ఇస్తారు. పంక్తి ఆగిన చోట గిటారు బదులు పలుకుతుంది. ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకునే రేలా పాట తెలిసిన మనకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

ఇక భాష సంగతి. ఈ గాయకులు బడి ఇంగ్లీషులో పాడలేదు. ఇంట్లో, పొలంలో మాట్లాడే మాటల్లోనే పాడారు. ఆ మాటను చాలాకాలం 'తప్పుల ఇంగ్లీషు' అన్నారు. 1969లో విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త, అది తప్పుల కుప్ప కాదనీ దానికి సొంత వ్యాకరణం ఉందనీ ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించాడు. ఉదాహరణకు ఆ భాషలో 'హి బీ వర్కింగ్' అంటే ఇప్పుడు పనిచేస్తున్నాడని కాదు, ఎప్పుడూ పనిచేస్తూ ఉంటాడని. బడి ఇంగ్లీషులో ఈ తేడా చెప్పాలంటే ఇంకో మాట కలపాలి. 1979లో ఆన్ ఆర్బర్ పట్టణంలో నల్లజాతి పిల్లల తరఫున వేసిన కేసులో, పిల్లల ఇంటి భాషను ఉపాధ్యాయులు గుర్తించి, దాన్ని లెక్కలోకి తీసుకుని చదువు నేర్పేలా చూడాలని కోర్టు బడి యాజమాన్యాన్ని ఆదేశించింది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఆ తీర్పు చాలా విలువైనది. బడి భాష నేర్పాలి, నేర్చుకోవాలి కూడా. దానికోసం ఇంటి భాషను చిన్నబుచ్చనక్కర్లేదు.

మడ్డీ వాటర్స్ పేరు మీలో గిటారు నేర్చుకునేవాళ్ళు వినే ఉంటారు. ఆయన మిసిసిపీలోని ఒక పెద్ద ఎస్టేటులో ట్రాక్టర్ నడిపేవాడు. 1941లో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే ఇద్దరు పాటలు సేకరిస్తూ అక్కడికి వెళ్ళి ఆయన పాటను రికార్డు చేశారు. తన గొంతు తానే విన్నాక, తానూ గాయకుడు కాగలనని ఆయనకు నమ్మకం కుదిరింది. 1943లో చికాగో వెళ్ళి, ఎలక్ట్రిక్ గిటారుతో పేరు తెచ్చుకున్నాడు. ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఇద్దరిలో జాన్ వర్క్ నల్లజాతి పండితుడు, ఫిస్క్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు. లోమాక్స్ పేరు లోకమంతా తెలిసింది. వర్క్ రాతప్రతి మాత్రం చాలాకాలం మరుగున పడి, 2005లో గానీ పుస్తకంగా రాలేదు. తన జనం పాటను తానే సేకరించిన మనిషి పేరు అలా వెనకబడింది.

1960ల్లో కథ మలుపు తిరిగింది. నల్లజాతి యువత చాలామంది సోల్ సంగీతం వైపు వెళ్ళారు. బ్లూస్ వింటే పత్తి పొలాలు, అవమానాలు గుర్తొస్తాయని కొందరు దూరం పెట్టారు. వాళ్ళను తప్పుపట్టలేం. సరిగ్గా అప్పుడే ఇంగ్లండులో తెల్లజాతి కుర్రాళ్ళు ఆ రికార్డులు వెతికి వెతికి కొన్నారు. రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరునే మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకుంది. పాటతో పాటు యాసను కూడా అనుకరించారు. 'మై' అనాల్సిన చోట 'మా' అని పలికారు. బ్రిటిష్ గాయకుల ఈ అరువు యాస మీద పీటర్ ట్రడ్‌గిల్ అనే పండితుడు 1983లో రాశాడు కూడా. బడిలో సిగ్గుపడమన్న పలుకే సముద్రం అవతల గొప్పదైంది.

ఆ అభిమానుల వల్ల మేలు జరిగింది. 1965లో రోలింగ్ స్టోన్స్ పట్టుబట్టి హౌలిన్ వుల్ఫ్‌ను తమతో పాటు అమెరికా టీవీ కార్యక్రమానికి రప్పించారు. ముసలి గాయకులకు కొత్త శ్రోతలు దొరికారు. నష్టమూ జరిగింది. 1969లో లెడ్ జెప్లిన్ బృందం పాడిన ఒక పాటలో తన పాట మాటలు ఉన్నాయని విల్లీ డిక్సన్ 1985లో కేసు వేయాల్సి వచ్చింది. 1987లో రాజీ కుదిరాకే ఆయన పేరు ఆ పాట మీదికి ఎక్కింది. ఆయన పెట్టిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్, పాటల మీద హక్కుల విషయంలో కళాకారులకు సాయపడింది.

వదిలేసిన పాటను తిరిగి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 2005లో రియానన్ గిడెన్స్, ఆమె ఇద్దరు స్నేహితులు నార్త్ కరోలినాలో ఎనభై దాటిన జో థాంప్సన్ అనే ఫిడేలు వాద్యకారుడి ఇంటికి గురువారం గురువారం వెళ్ళి నేర్చుకున్నారు. అది బ్లూస్‌కు చుట్టమైన పాత సంగీతం. 2011లో వాళ్ళ ఆల్బమ్‌కు గ్రామీ అవార్డు వచ్చింది. పక్కన కూర్చుని నేర్చుకోకపోతే ఆ వాయింపులో చాలా భాగం ఆ పెద్దాయనతోనే పోయేది.

మన దగ్గర గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ కులగాథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. మీ ఊళ్ళో ఇంకా పాడుతున్న పెద్దలు ఉన్నారు. వాళ్ళకు బిరుదులు రాకపోవచ్చు, పాటలు మాత్రం ఉన్నాయి.

అందుకే మేము అడిగేది ఇది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ దగ్గరో తాత దగ్గరో కూర్చుని ఒక పాట పూర్తిగా నేర్చుకోండి. గోండి, కోయ, కొలామి, సవర, కువి, ఏదైనా సరే, మీ ఇంటి భాషలోనే నేర్చుకోండి. ఫోన్లో రికార్డు చేసేముందు వాళ్ళ అనుమతి అడగండి. పాడినవారి పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో, ఏ రోజు రికార్డు చేశారో రాసిపెట్టుకోండి. దేవర దగ్గర మాత్రమే పాడేదైతే నలుగురిలో పెట్టకండి. ఆ సంగతి పెద్దలే నిర్ణయించాలి. ఎవరైనా మీ ఊరి పాట వాడుకుంటామంటే, పాడినవారి పేరు వేస్తారా, వాళ్ళకు ఏమిస్తారు అని అడగండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు. డిక్సన్‌కు ఆ పేరు కోసం కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

గిటారు వాయించండి, ఇంగ్లీషు పాటలు పాడండి, సినిమా పాటలూ పాడండి. మేము వద్దనం. వచ్చే వార్షికోత్సవంలో మాత్రం మీ భాష పాటకు కూడా చేతులు లేవాలి. ఎవరైనా నవ్వితే, ఆ పాట అర్థం చెప్పే పని మీది, సభను నిశ్శబ్దంగా కూర్చోబెట్టే పని మాది.

జై ఆదివాసీ. సెలవు.