దూలగొండి పొడియు కంపవాతమును



మా నూజివీడు ప్రాంతమున మామిడితోటల కంచెలపై దూలగొండి తీగ అల్లుకొనియుండును. దాని కాయలమీది నూగు ఒడలికి సోకినచో కలుగు దురద యెట్టిదో మీలో ఎఱుగనివారుండరు. నేను బడిపంతులుగా నున్న కాలమున కొంటెపిల్లలు ఆ నూగును నా కుర్చీమీద చల్లి, నన్ను ఏటిగట్టువఱకు పరుగెత్తించిరి. నాడు ఆ తీగను శపించితిని. వృద్ధాప్యమున దాని గింజతో నాకు మఱల పని పడునని అప్పుడు తోచలేదు. నేడు మీకు మనవిచేయబోవునది ఆ గింజను గుఱించియే.

నాలుగేండ్ల క్రిందట నా చేవ్రాత చిన్నదగుట మొదలిడెను. పంక్తి మొదట గుండ్రముగా నున్న అక్షరములు పంక్తి చివరకు ఆవగింజలగుచుండెను. పిమ్మట కుడిభుజము బిగిసెను. పంచె కట్టుకొనుటకే పావుగంట పట్టుచుండెను. వయసు పైబడుటయేయని నేను తలచితిని. కీళ్లవాతమని ఇంటివారు తలచిరి. విజయవాడలో ఒక వైద్యుడు పరీక్షించి, ఇది కంపవాతమని నిర్ణయించెను. వణకు లేకుండ కండరముల బిగువుతోనే ఈ వ్యాధి ఆరంభము కావచ్చునని ఆయన వలన తెలిసికొంటిని.

ఇది క్రొత్త వ్యాధి కాదు. ఆంధ్రదేశమున వెలసిన బసవరాజీయమను వైద్యగ్రంథమున కంపవాత లక్షణములు చెప్పబడియున్నవి. ఆంగ్లదేశమున జేమ్సు పార్కిన్సను అను వైద్యుడు 1817లో దీనిని వివరించుటచే ఆయన పేరే దీనికి స్థిరపడెను. మన మెదడులో నల్లని చిన్నభాగ మొకటి కలదు. అందలి కణములు డోపమైను అను ద్రవ్యమును పుట్టించును. అవయవములు మన యిచ్ఛానుసారము కదలుటకు అది వలయును. ఆ కణములు క్రమక్రమముగా నశించుటచే కండరములు బిగియును, నడక మందగించును.

డోపమైనును నోట మ్రింగినను అది మెదడును చేరదు. దానికి పూర్వరూపమగు డోపా చేరగలదు. ఆ డోపాయే దూలగొండి గింజలో నున్నది. మన వైద్యులు ఈ గింజను ఆత్మగుప్తయనియు, కపికచ్ఛువనియు పేర్కొని బలమునకై వాడుచుండిరి. 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దీనినుండి డోపాను వేఱుచేసిరి. అది కంపవాతమునకు మందగునని అప్పటికి తెలియదు. 1957లో స్వీడనుదేశీయుడగు కార్ల్‌సన్ ఒక వింతను చూపెను. సర్పగంధనుండి లభించు మందునిచ్చి కుందేళ్లను కదలకుండ చేసి, పిదప డోపానిచ్చి వానిని లేపెను. ఆయనకు 2000లో నోబెలు బహుమానము లభించెను. 1967లో అమెరికాయందు కోట్జియాస్ అను వైద్యుడు డోపాను కొద్దికొద్దిగా పెంచుచు రోగులకు నోటిద్వారా నిచ్చి, వారి బిగువును సడలించెను. నేటి మాత్రలలో డోపా త్రోవలో వ్యర్థము కాకుండుటకై కార్బిడోపా అను తోడుద్రవ్యమును చేర్చుచున్నారు.

నాకును దినమునకు మూడు మాత్రలు వ్రాసిరి. వానితో చేయి సడలెను. ఇంతలో మా బావమఱది ఒక డబ్బాను తెచ్చి, “బావగారూ! ఇది మందు కాదు, బలము నిచ్చు పొడి. చెట్టునుండి వచ్చినది ఏమి హాని చేయును?” అనెను. అది దూలగొండి పొడి. వైద్యునికి తెలుపకయే ఉదయమును రాత్రియును చెంచాడు చొప్పున పాలలో కలిపి త్రాగితిని. ఒక వారము ఒడలు తేలికగా నుండెను. రెండవ వారమున మెడయు భుజములును నా యిష్టము లేకయే మెలికలు తిరుగసాగెను. లేచి నిలిచినంతనే కన్నులకు చీకట్లు క్రమ్మెను. ఒకనాటి సాయంకాలము, తోటలో లేని కూలీలు కాయలు కోయుచున్నట్లు చూచి, వారిని పేరుపేరున పిలిచితిని. నా భార్య భయపడి నన్ను వైద్యునియొద్దకు తోడ్కొనిపోయెను. ఆయన డబ్బాను చూచి, “మాస్టరుగారూ! మీరు ఒకే మందును రెండు పేర్లతో మ్రింగుచున్నారు” అనెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు కూడికలు నేర్పిన నాకు ఈ కూడిక తెలియకపోయెను! ఆయన చెప్పిన క్రమమున పొడిని మానగా ఆ వికారములు శాంతించెను.

పొడి నిష్ఫలమని నేననను. 2004లో లండనునందు ఎనిమిది మంది రోగులపై జరిపిన పరీక్షలో 30 గ్రాముల దూలగొండి పొడి మాత్రకంటె త్వరగా పనిచేసెను. కాని ఆ పరీక్ష కొలత తెలిసిన పొడితో, వైద్యుల కన్నుల యెదుట జరిగినది. అంగడిలో దొరకు డబ్బాలలో డోపా పాలు ఒకదానికొకటి మిక్కిలి భేదించును. పూతకు ముందు మామిడికి నీరు కట్టినచో పూతకు బదులు ఆకుచిగురు వచ్చునని మన రైతులెఱుగుదురు. నీరు చెడ్డది కాదు. వేళయు కొలతయు తప్పినవి. మందును అట్టిదే.

కావున పెద్దలకు నా విన్నపము. బలమునకని యే పొడిని గాని, మాత్రను గాని తీసికొనుచున్నచో దానిని మీ వైద్యునికి చూపుడు. డోపా మాత్రను భోజనమునకు అఱగంట ముందు వేసికొనుట మేలు. పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసము, వీనియందలి మాంసకృత్తులు డోపాను లోనికి పోనీయక అడ్డగించును. పాలతో పొడి త్రాగుట నేను చేసిన మఱియొక తప్పు. అట్లని ఆ యాహారమును మానవలదు. వేళ మార్చిన చాలును. రక్తహీనతకు ఇనుము మాత్ర వాడువారు రెండు గంటల యెడమైనను ఉంచవలయును. అన్నిటికంటె ముఖ్యము, పొడిని నమ్మి మాత్రలను హఠాత్తుగా మానకుడు. అట్లు మానినవారికి జ్వరము వచ్చి, ఒడలు కఱ్ఱవలె బిగిసి ప్రాణాపాయము కలుగవచ్చును. మఱియు ప్రతి బిగువును కంపవాతము కాదు. విటమిను డి లోపము వలనను, థైరాయిడు గ్రంథి మాంద్యము వలనను కండరములు బిగియవచ్చును. పరీక్ష లేనిదే మందు వలదు.

ఈ మాత్రలు వ్యాధిని నిర్మూలింపవు. దినమును గడుపుటకు ఊతకఱ్ఱవలె నుండును. ఈ ప్రసంగమును నా చేతితోనే వ్రాసికొంటిని. అక్షరములు ఇంకను చిన్నవే. అయినను మీకు చదివి వినిపింపగలిగితిని. సెలవు.