ఆన్సర్ కీ లేని పరీక్ష: బ్రిటన్ సివిల్ సర్వీస్ జడ్జ్‌మెంట్ టెస్ట్ గురించి

 

పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు మాంచెస్టర్ నుంచి వీడియో కాల్ చేశాడు. మాస్టర్స్ అయిపోయింది. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు. రాత్రిపూట వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తూ, పగలు ఉద్యోగాలకి అప్లై చేస్తున్నాడు. "అన్నయ్యా, ఇక్కడ సివిల్ సర్వీస్ జాబ్‌కి పెట్టా. ఆన్‌లైన్ టెస్ట్‌లోనే పోయింది. ఇంకోటి వచ్చే వారం ఉంది. నీ దగ్గర ఆన్సర్ కీ ఏమైనా ఉందా?" అన్నాడు.

ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. ఎందుకంటే అక్కడ చదువుకునే రోజుల్లో ఇదే ప్రశ్న నేను కూడా ఇంకొకర్ని అడిగాను. వాడికి ఆ రాత్రి ఫోన్లో చెప్పిందే ఇవాళ మీకు కొంచెం వివరంగా చెప్తాను.

ముందు ఒక విషయం. సివిల్ సర్వీస్ అనగానే మనకి కలెక్టర్ గారు, కారు, డఫేదారు గుర్తొస్తారు. బ్రిటన్‌లో ఆ మాటకి అర్థం అది కాదు. అక్కడ ప్రభుత్వ శాఖల్లో కింది స్థాయి అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్ నుంచి పైస్థాయి అధికారి దాకా అందరూ సివిల్ సర్వెంట్లే. ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. పని చేసే హక్కు ఉన్న కామన్‌వెల్త్ దేశాల పౌరులు కూడా చాలా పోస్టులకి అప్లై చేసుకోవచ్చు. ఇండియా కామన్‌వెల్త్‌లో ఉంది కాబట్టి మనవాళ్లకీ ఆ దారి ఉంది. కొన్ని పోస్టులు మాత్రం బ్రిటిష్ పౌరులకే రిజర్వ్ చేస్తారు. అందుకే ప్రకటనలో నేషనాలిటీ, వీసా గురించి రాసిన పేరా పూర్తిగా చదివాకే అప్లై చేయండి.

ఇక టెస్ట్ సంగతి. చాలా పోస్టులకి అప్లికేషన్ పెట్టగానే ఒక లింక్ వస్తుంది. దాని పేరు సివిల్ సర్వీస్ జడ్జ్‌మెంట్ టెస్ట్. ఇంటి దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో రాయొచ్చు. టైమర్ ఉండదు, కానీ ఫలానా తేదీలోపు పూర్తి చేయాలి. ఇందులో రెండు భాగాలు. మొదటి భాగం మీ గురించి: కొన్ని వాక్యాలు ఇచ్చి, అవి మీకు ఎంతవరకు వర్తిస్తాయో చెప్పమంటారు. రెండో భాగంలో ఆఫీసులో జరిగే సంఘటనల్ని చిన్న చిన్న వీడియోల్లో చూపిస్తారు. ఒక్కో సంఘటన కింద నాలుగు స్పందనలు ఉంటాయి. ప్రతి స్పందననీ విడివిడిగా తూకం వేయాలి. ఇది నష్టం చేస్తుందా, పనికిరాదా, కొంతవరకు పనిచేస్తుందా, బాగా పనిచేస్తుందా. మార్కులు పర్సెంటైల్‌లో వస్తాయి. అంటే మిమ్మల్ని ఇంతకుముందు రాసిన ఒక గుంపుతో పోల్చి చూస్తారు. ఎంత వస్తే పాస్ అనేది ఆ ఉద్యోగాన్ని బట్టి, వచ్చిన అప్లికేషన్లని బట్టి మారొచ్చు.

నేను మొదటిసారి ఎలా రాశానో చెప్తే మీరు నవ్వుతారు. మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. కిచెన్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి, బిర్యానీ తింటూ, ప్రతి ప్రశ్నకీ ఓటింగ్! నిజానికి ఆ టెస్ట్ ఒక్కళ్లే రాయాలని ముందే రాసి ఉంటుంది. నిజాయితీని పరీక్షించే టెస్ట్‌ని నలుగురం కలిసి రాశామన్నమాట. నూటికి పదిహేడు మందికంటే మెరుగు అని రిజల్ట్ వచ్చింది.

రెండోసారి ఇంకా తెలివిగా వెళ్లా. టెలిగ్రామ్ గ్రూపులో ఒకతను పీడీఎఫ్ అమ్ముతుంటే కొన్నా. అందులో సూత్రం ఒక్కటే: "మేనేజర్‌కి చెప్పడం ఎక్కడ కనిపిస్తే అది కరెక్ట్." గుడ్డెద్దు చేలో పడ్డట్టు, మేనేజర్ అనే మాట కనపడ్డ ప్రతిచోటా బాగా పనిచేస్తుంది అని కొట్టుకుంటూ పోయా. మళ్లీ ఫెయిల్. వీసా గడువులో అప్పటికి ఏడు నెలలు మిగిలాయి. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉందమ్మా" అని చెప్పేవాడిని.

అప్పుడు కూర్చుని ఆలోచించా. బీటెక్ చదివాను, రెండేళ్లు కోడ్ రాశాను, మాస్టర్స్ చేశాను. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూడటం నాకు అలవాటే కదా, ఇక్కడ ఎందుకు చూడలేదు? చూస్తే అర్థమైంది. ఆ టెస్ట్ అడుగుతున్న ప్రశ్న ఒకటి, నేను చెప్తున్న జవాబు ఇంకోటి.

ఒక ఉదాహరణ చెప్తా. ఇది నేను తయారుచేసుకున్నదే, అసలు టెస్ట్‌లోది కాదు. మీరు అప్లికేషన్లు పరిశీలించే టీమ్‌లో ఉన్నారు. పక్క సీటు అతను వారం టార్గెట్ పూర్తి చేయాలని, అడ్రస్ ప్రూఫ్ చూడకుండానే కొన్ని ఫైళ్లు క్లోజ్ చేశాడని మీకు అనుకోకుండా తెలిసింది. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారు, సాయంత్రం దాకా దొరకరు. నాలుగు స్పందనలు.

ఒకటి, అతన్ని పక్కకి పిలిచి మాట్లాడి, ఏ ఫైళ్లో తెలుసుకుని, సాయంత్రం ఇద్దరూ కలిసి మేనేజర్‌కి చెప్పడం. రెండు, అతనితో మాట్లాడకుండానే టీమ్ మొత్తానికి, మేనేజర్‌కి కలిపి మెయిల్ కొట్టడం. మూడు, ఎవరికీ చెప్పకుండా ఆఫీసయ్యాక ఆగి ఆ ఫైళ్లు మీరే సరిచేయడం. నాలుగు, అవి మీ ఫైళ్లు కావు కాబట్టి మీ పని మీరు చూసుకోవడం.

వీడియో ఒక్క నిమిషం ఆపి, మూడోదానికి మీరైతే ఏం ఇస్తారో అనుకోండి.

ఆ రోజుల్లో నేనైతే కళ్లు మూసుకుని బాగా పనిచేస్తుంది అని ఇచ్చేవాడిని. ఎందుకంటే మనల్ని పెంచింది అలాగే. పక్కవాడి పరువు తీయకూడదు, పెద్దవాళ్ల దాకా గొడవ తీసుకెళ్లకూడదు, కష్టం మనం పడితే పోయేదేముంది. మంచి పిల్లాడంటే అంతే కదా! కానీ నిదానంగా చూడండి. ఆ ఫైళ్లు ఎందుకు మారాయో ఎక్కడా రాసి ఉండదు. టార్గెట్ మోయలేనంతగా ఉందని మేనేజర్‌కి తెలీదు. అతను వచ్చే వారం కూడా అదే చేస్తాడు. మీరు సెలవు పెట్టిన రోజున ఎవరు సరిచేస్తారు?

ఇది నాకు పుస్తకంలో చదివితే అర్థమైంది కాదు. మా నాన్న వల్ల అర్థమైంది. మాకు ఊళ్లో ఎకరంన్నర పొలం ఉంది. పాస్‌బుక్‌లో సర్వే నంబర్ కింద బై నంబర్ తప్పు పడింది. నాన్న ఆఫీసుకెళ్తే అక్కడ ఒక గుమాస్తా, నిజంగా మంచి మనిషి, జాలిపడి "మీరు ఇంటికెళ్లండి పెద్దాయనా, నేను చూసుకుంటా" అన్నాడు. ఒక్క రూపాయి అడగలేదు. రిజిస్టర్‌లో పెన్నుతో దిద్దాడు. పై అధికారికి చెప్పలేదు, ఫైల్లో నోట్ రాయలేదు, కంప్యూటర్‌లో మార్చలేదు. మూడు నెలలకి ఆయన బదిలీ అయిపోయాడు. ఇప్పుడు రిజిస్టర్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి. బ్యాంకులో పంట లోను ఆగిపోయింది. ఈ దిద్దుబాటు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అంటే చెప్పేవాళ్లు లేరు. మా నాన్న రెండేళ్లు తిరిగాడు. ఇప్పటికీ ఆ గుమాస్తాని తిట్టడు, "పాపం మంచోడు" అనే అంటాడు.

అది గుర్తొచ్చాక మూడో స్పందన నాకు వేరేగా కనిపించింది. ఆ గదిలో లేని మనిషి ఒకడున్నాడు. ఆ ఫైల్ ఎవరిదో, అతను. ఈ టెస్ట్ అడిగేది మీరు మంచివాళ్లా కాదా అని కాదు. ఈ పని చేస్తే ఆ ఫైలు మనిషికి, టీమ్‌కి, ఆఫీసుకి ఏమవుతుంది అని.

మిగతావి కూడా చూద్దాం. నాలుగోది నష్టమే, తెలిసీ వదిలేయడం. రెండోదాంట్లో సమాచారం మేనేజర్‌కి చేరుతుంది, కానీ విచారించకుండా పదిమందిలో నిందించినట్టవుతుంది. నా పీడీఎఫ్ సూత్రం బోర్లా పడింది ఇక్కడే. మొదటిది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే విషయం దాగదు, మనిషికి మాట్లాడే అవకాశం ఉంటుంది, ఫైళ్లు సరవుతాయి.

అక్కడి సివిల్ సర్వీస్ కోడ్‌లో నాలుగు విలువలు ఉంటాయి: చిత్తశుద్ధి, నిజాయితీ, వాస్తవాల మీద ఆధారపడటం, పక్షపాతం లేకపోవడం. 2010లో వచ్చిన చట్టం వాటికి పునాది. ఆ కోడ్ చిన్నదే, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పీడీఎఫ్ కొనే బదులు అది రెండుసార్లు చదవండి. సక్సెస్ ప్రొఫైల్స్ పేరుతో తొమ్మిది బిహేవియర్ల జాబితా ఉంటుంది, మీ గ్రేడ్ దగ్గర ఏం రాశారో అదీ చూడండి.

ఇప్పుడు రాసేటప్పుడు నేను పాటించినవి చెప్తా.

మొదటిది, మీ కుర్చీ ఏదో గుర్తుపెట్టుకోండి. వీడియోలో మీరు టీమ్ మెంబర్ అయితే మేనేజర్ నిర్ణయం మీరు తీసుకోకూడదు. మీ పరిధిలో ఉన్న చిన్న పనికి కూడా మేనేజర్ దగ్గరికి పరిగెత్తకూడదు.

రెండోది, నాలుగిట్లో ఒకటే కరెక్ట్ అనే ఎంసెట్ అలవాటు వదలండి. ఇక్కడ ర్యాంకులు లేవు. రెండు స్పందనలకి ఒకే రేటింగ్ రావొచ్చు.

మూడోది, చూపించింది మాత్రమే చూడండి. "అతను బహుశా సోమరి అయ్యుంటాడు" లాంటి కథలు అల్లొద్దు.

నాలుగోది, మొదటి భాగంలో మీ గురించి అడిగినప్పుడు సూపర్ హీరోలా రాసుకోవద్దు. అన్నిటికీ "నాకు పూర్తిగా వర్తిస్తుంది" అని కొడితే అది మీ బొమ్మ కాదు, ఫ్లెక్సీ బ్యానర్ అవుతుంది. ముందు పనిచేసిన చోట నిజంగా ఎలా ఉన్నారో గుర్తు చేసుకుని చెప్పండి. రెండో భాగంలో మాత్రం మీరు ఏం చేస్తారని కాదు, ఏది ఎంత పనిచేస్తుందని అడుగుతారు. ఈ రెండూ కలిపేయడమే నా పెద్ద తప్పు.

ఐదోది, అధికారికంగా ఉచిత ప్రాక్టీస్ టెస్ట్ పెట్టారు, అది చేయండి. తర్వాత అసలుది ఒక్కళ్లే, నిద్రపోయి లేచాక, తలుపేసుకుని రాయండి. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి రాయొద్దు. ప్రశ్నలు ఏఐ చాట్‌లో పెట్టి రాయించుకోవద్దు. పట్టుకుంటారా లేదా అన్నది పక్కన పెట్టండి. రేపు ఇంటర్వ్యూలో ఇలాంటి సంఘటనే అడిగితే పక్కన చాట్ ఉండదు కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ టెస్ట్ మనకి కొంచెం ఎదురుగాలే. పై అధికారితో "మీరు చెప్పింది నాకు సరిగ్గా అనిపించలేదు" అనడం అక్కడ మామూలు, మన దగ్గర అది పొగరు. అక్కడ పుట్టి పెరిగినవాడికి సహజంగా వచ్చేది మనం నేర్చుకోవాలి. మొదట్లో నాకు కోపం కూడా వచ్చింది, నా సంస్కారానికి పదిహేడు పర్సెంటైల్ ఇచ్చారేంటని. తర్వాత అర్థమైంది, ఇది సంస్కారం తూచే తక్కెడ కాదు. ఒక ఆఫీసు ఎలా నడవాలనుకుంటున్నారో ఆ పద్ధతి మీకు తెలుసా అని అడగడం. పద్ధతి నేర్చుకోవచ్చు. దానికోసం మనిషి మారక్కర్లేదు.

మన దగ్గర ప్రిపేరయ్యే వాళ్లు "మాకెందుకు ఇదంతా" అనుకోకండి. యూపీఎస్సీ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్ పేపర్ ఉంది, 250 మార్కులు, అందులో కేస్ స్టడీలు ఇలాంటివే. ఆర్మీ ఆఫీసర్ సెలక్షన్‌లో ఎస్‌ఎస్‌బీకి వెళ్తే సిట్యుయేషన్ రియాక్షన్ టెస్ట్‌లో 30 నిమిషాల్లో 60 సంఘటనలకి రాయాలి. పద్ధతులు వేరు, అక్కడ మీరు ఏం చేస్తారో మీ మాటల్లో రాయాలి. కానీ గదిలో లేని ఆ మనిషి గుర్తున్నాడా లేడా అన్నది అన్నిచోట్లా పనికొస్తుంది.

మరి నా సంగతేమైంది అంటారా? మూడోసారి టెస్ట్ పాసయ్యా. ఇంటర్వ్యూ దాకా వెళ్లా. రిజర్వ్ లిస్ట్‌లో పెట్టారు. పిలుపు రాకముందే వీసా అయిపోయింది, వచ్చేశా. ఇదిగో, మీ ముందు కూర్చున్నా. బాధ లేదని చెప్పను. కానీ ఇక్కడికొచ్చాక నాన్నతో ఆఫీసుకెళ్లి, ఆ బై నంబర్ సంగతి అర్జీ రాసి, రసీదు తీసుకుని, ప్రతి కాగితం మీద తేదీ వేయించి నాలుగు నెలల్లో సరిచేయించా. ఎవరి జాలీ అడగలేదు.

మా తమ్ముడికి కూడా చివర్లో ఇదే చెప్పా. "ఆన్సర్ కీ లేదురా. ఎదురుగా కూర్చున్న మేనేజర్‌ని కాదు, ఫైల్లో ఉన్న మనిషిని తలుచుకుని రాయి." వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెదనాన్న పొలం లాంటిదా అన్నయ్యా?" అన్నాడు. అవును రా, అదే అన్నా.

వాడి టెస్ట్ ఈ గురువారం. ఆల్ ది బెస్ట్ చెప్పండి. మీలో ఎవరైనా రాస్తుంటే మీకు కూడా. మళ్లీ కలుద్దాం, ఉంటాను.